అణాల గడి

ఆదినారాయణ శెట్టి కాగితం చూసి ఒక బట్టల అంగడి ధరలు చదువుతున్నాడు, కమాల్ బాషా నిలబడి సీసపు అక్షరాలు పేరుస్తున్నాడు. మామూలుగా కంపోజిటర్లు కాగితం ఎదురుగా పెట్టుకుని తామే చదువుకుంటారు. ప్రొద్దుటూరులోని ఈ అచ్చాఫీసులో మాత్రం ఆరేళ్లుగా యజమాని చదవాలి, పనివాడు పేర్చాలి. చదవడానికి ఆగితే చెయ్యి ఆగిపోతుందని కమాల్ బాషా చెప్పిన మాట శెట్టి నమ్మాడు. అసలు సంగతి బాషా భార్య ఖమర్‌బీకి ఒక్కదానికే తెలుసు. అతని కళ్లకు మనుషులు ఆనుతారు గానీ అక్షరాలు ఆనవు.

చెక్క పెట్టెలో ఏ అక్షరం ఏ గడిలో ఉందో అతని వేళ్లకు తెలుసు. అందులోనూ అణాల గడి. పావలాకు నిలువు గీత, అణాకు అడ్డగీత. బట్టల అంగళ్లవాళ్లు తప్ప ఎవరూ అడగని ఆ సన్నటి గీతల్ని గోటితో తడిమి ఒకటో, రెండో, మూడో చెప్పేసేవాడు. కళ్లున్న కుర్రకారు అక్కడే తికమకపడేవారు. ఆ విషయంలో పెద్దమనిషికి కాస్త గర్వం కూడా ఉండేది.

ఎల్లుండి సోమవారం నుంచి దేశమంతా అణాలు పోయి నయాపైసలు. నిన్న అతను ఇంటికి పోయాక శెట్టి అణాల గీతలన్నీ సంచిలో పోసి కరిగించడానికి మద్రాసు పంపేశాడు. ఆ గళ్లలో చుక్కలు, కొత్తగా పోతపోయించిన నయాపైసల గుర్తు, మరికొన్ని సున్నాలు నింపాడు.

పొద్దున తీసిన అచ్చు నమూనాలో, ముప్పై ఏడు నయాపైసలు కావాల్సిన ఆరణాల తువ్వాలు ధర ముప్పై ఏడు రూపాయలైంది. ఆ డబ్బుకు రెండు మేకలు వస్తాయి. రూపాయలకూ పైసలకూ నడుమ చుక్క ఉండాల్సిన చోట సున్నా కూర్చుంది. రెండోసారి తీసినా అదే వరస.

“గళ్లు మార్చినానని చెప్పినా గదా మామా, కండ్లు యాడ పెట్టినావు?” అన్నాడు శెట్టి. “సాయంత్రానికి సక్కంగా రాకపోతే కడప మనిషిని తెచ్చుకుంటా. నాకు వేరే దోవ ల్యా.”

కమాల్ బాషా కుండ దగ్గరికి మూడుసార్లు పోయి నీళ్లు తాగకుండానే తిరిగొచ్చాడు. వేళ్లు పంచెకు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. ఈ వయసులో కళ్లు లేని కంపోజిటరును ఎవరు పెట్టుకుంటారు?

“ఒక్కసారి అన్నీ చదువప్పా. గుర్తు పెట్టుకుంటా,” అన్నాడు.

శెట్టి పందొమ్మిది ధరలూ చదివి, గడువు అడగడానికి బట్టల అంగడికి పోయాడు.

కాయలు కాచిన వేళ్లకు చుక్క తెలియడం లేదు. అందుకని కమాల్ బాషా ప్రతి ముక్కనూ కింది పెదవికి ఆనించి చూశాడు. పెదవికి తెలిసింది. చుక్క గుచ్చుకుంటుంది, సున్నా గుండ్రంగా ఒత్తుకుంటుంది, కొత్త గుర్తు గరుకుగా తగులుతుంది. నోరంతా సీసం రుచి. మధ్యాహ్నం సద్ది విప్పలేదు. ధరలు మరిచిపోతానేమోనని పైకి గొణుక్కుంటూనే పేర్చాడు.

నాలుగింటికి సిరా పూసి నమూనా తీశాడు. కాగితాన్ని కిటికీ దగ్గర ముఖానికి ఆనించుకుని చూశాడు. బూడిదరంగు వరసలు తప్ప ఏమీ కనబడలేదు. వీధిలో చదువొచ్చినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. అడిగితే గుట్టు బయటపడుతుంది. అడగకపోతే శెట్టి వచ్చి చదివేదాకా ఇక్కడే నిలబడాలి. మూడోసారి కూడా తప్పంటే ఆ మాట వినలేననిపించింది. కాగితాన్ని మేకుకు తగిలించి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చాడు.

“జమ్మలమడుగు బస్సుకు పోతాండా, కూతురింటికి,” అని ఎదురుగా టీ అంగడి గురవమ్మతో చెప్పాడు. “ఇంటిదాన్ని ఎనక రమ్మని కబురు చెయ్యి. నా పని కడప మనిషికే ఇయ్యమని చెప్పు శెట్టికి.”

అయిదింటికి శెట్టి వచ్చాడు. కడప మనిషి వెంటే ఉన్నాడు. గురవమ్మ చెప్పింది విని శెట్టి విసుక్కుంటూ లోపలికి పోయాడు. కడప మనిషి మెడ వంచి, తల బాగా పక్కకు తిప్పి మేకుకున్న కాగితాన్ని కిందిదాకా చదివాడు.

“ఒక్క తప్పు ల్యా గదప్పా. నన్నెందుకు పిలిపించినావు?”

శెట్టి అప్పుడు చూశాడు. పందొమ్మిది ధరలూ సరిగ్గా ఉన్న ఆ కాగితం, సిరా ఆరకుండానే, మేకుకు తలకిందులుగా వేలాడుతోంది.