కట్టె గుంజ

పప్పులో రాయి తగిలిన పూట మా ఆయన అడిగాడు, "కండ్లు ఏడ వెట్టినవే?" అని. కుడిదాన్ని కరీంనగర్‌లో సగం బాగుచేయించుకుని వచ్చానని చెప్పాల్సింది. ఆయన ఆ రాయిని పళ్లెం అంచున సాక్ష్యంలా పెట్టి తినేసి లేచాడు.

షుగరు నాకు పద్నాలుగేళ్లుగా ఉంది. బొగ్గుబాయిలో పనిచేసే మా ఆయనకు ఫస్టు షిఫ్టు అన్నం డబ్బా టైముకే వెళ్లేది, అత్తమ్మ బీపీ మాత్ర టైముకే అందేది, నా మాత్రలు మాత్రం గుర్తొచ్చినప్పుడు. కంటి లోపలి పొరలో రక్తనాళాలు కారుతున్నాయని, లేజరు పెట్టకపోతే చూపు పోతుందని డాక్టరమ్మ చెప్పింది.

మొదటిసారి బయల్దేరుతుంటే మా అత్త లస్మవ్వ, "ఇద్దర్ని కన్నదానివి, గీ లేజరు మెరుపుకు భయపడ్తవా?" అంది. మా ఆయన ఉపేందర్, "బాయిల నా ఏలు నలిగినప్పుడు ఆఁ అన్ననా?" అన్నాడు. నిజమే, బాయిలో అనలేదు. ఇంటికొచ్చి నెల రోజులు అన్నాడు. ఆ నెలంతా అన్నం కలిపి పెట్టింది నేనే.

గడ్డం మిషను మీద ఆనించి, నుదురు పట్టీకి ఒత్తి, కంటికి ఒక అద్దం తగిలించారు. ఆకుపచ్చ మెరుపులు మొదలయ్యాయి. నడుమ బాగానే ఉంది. పక్కలకు జరిగేసరికి ఒక్కో మెరుపూ దబ్బనంలా తల వెనక దాకా దిగింది. "నొప్పి ఉంటే చెప్పండమ్మా, ఆపుతాను," అని డాక్టరమ్మ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "లేదు మేడం" అన్నాను. ఇంట్లో ఆ ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు కోసం ఆగే అలవాటు లేదు. ఆమె ఆగింది. నాకు చెప్పడం చేతకాలేదు. కాసేపటికి నా తల దానంతటదే వెనక్కి పోయింది. "ఇంకొంచెం కదిలితే చూపున్న చోటే కాలేది!" అని ఆమె మిషను ఆపేసింది. రెండు వారాల తర్వాత మిగతా సగం.

బస్సులో ఎవరో పలకరిస్తే మా ఆయన, "మా ఆమెది ఇనుప గుండె, కిక్కుమనలే," అన్నాడు. ఇంటికొచ్చి అత్తతో, "కదిలింది. మల్ల పోవాలె, ఇంకో డ్యూటీ ఖరాబ్ జేసింది," అన్నాడు.

మొన్న ఆదివారం గట్టయ్య కాక వస్తే చాయ్ పోస్తున్నాను. ముప్పై ఏళ్లుగా టింబర్‌మన్‌గా బాయిలో కప్పు కింద గుంజలు నిలబెడుతున్న మా ఆయన తన పని గొప్ప చెబుతున్నాడు. "ఇనుప గుంజను నమ్మద్దు కాకా. సప్పుడు లేకుండ వంగుతది, కప్పు మీదవడ్తది. కట్టె గుంజయితే ఇరిగే ముందు కిర్రుమని మొత్తుకుంటది. ఆ సప్పుడు ఇనే మేం బతికినం."

చాయ్ సాసరులోకి ఒలికింది. కట్టె చేసే చప్పుడు వినడానికి ఈయనకు చెవులున్నాయని నాకు ముప్పై ఏళ్లూ తెలియదు.

ఇవాళ నొప్పి మాత్ర గంట ముందే వేసుకుని వెళ్లాను. పక్కన మొదటి మెరుపు పడగానే, "నొప్పి," అన్నాను. నాకే వినపడలేదు. రెండోసారి వరండా దాకా వినపడింది. "నొప్పి మేడం! ఆపండి!"

ఆపేశారు! ఇంత సులువా అని నవ్వొచ్చింది. కంటి పక్కన మత్తు సూది వేసి, పవరు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. మిగతా సగం ఇంచు కదలకుండా పూర్తయింది.

బయట మా ఆయన గొంతు తగ్గించి, "ఏందే, గంత మొత్తుకున్నవ్? అందరు సూస్తున్నరు," అన్నాడు.

"బాయిల కట్టె గుంజ మొత్తుకుంటే ఏం జేస్తరు?" అడిగాను.

"పని ఇడిచిపెట్టి అవతలకు జరుగుతం," అన్నాడు అలవాటు కొద్దీ.

ఇంటికొచ్చాం. కుడికంటికి కట్టుంది. అత్తమ్మ, "రేపటి డబ్బాల ఏం కూర?" అని అడిగింది. కందిపప్పు చాట తెచ్చి మా ఆయన ఒళ్లో పెట్టాను.

"రాళ్లు జూసి ఏరు," అన్నాను. "నాకు నొప్పైతంది."