గొట్టాలు ఊరుకున్నాక

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు గానీ, అన్నయ్య ముందు ఏ మొండివాడైనా దిగదుడుపే. అమ్మకు ఏడాదిగా ఏదో మోత వినిపిస్తోందంటే, అది ఆవిడ బుర్రలోనే ఉందని తేల్చేశాడు. ఆదివారం వచ్చి, మతి తప్పిన ముసలివాళ్లను ఉంచే ఆశ్రమానికి తీసుకుపోతానన్నాడు. అక్కడ గది కూడా మాట్లాడేశాడట!

అమ్మతోనే ఉంటున్న అతని చెల్లెలికి ఒళ్లు మండిపోయింది.

"అమ్మకేం పిచ్చి లేదు. మేడమీది గొట్టాలు మోగుతున్నాయి. ఆపి చూపిస్తా," అంది ఫోన్లో.

"ఆపు తల్లీ, ఎవరొద్దన్నారు? ఆగాక కూడా మోత ఉందంటే మాత్రం నా మాట వినాలి."

"సరే."

మేడమీద ఎప్పుడో వాడకం మానేసిన బాయిలరు గొట్టాలు మూడున్నాయి. గాలి మోతలను కొలిచి తగ్గించడమే ఆమె ఉద్యోగం. గాలి గుండ్రటి గొట్టాన్ని దాటుతూ అటొక సుడి, ఇటొక సుడి వదిలిపోతుంది. 'ఊఁ' అని కూత పుట్టేది అక్కడే. గొట్టానికి సన్నటి రంధ్రాల స్పాంజి తొడిగితే గాలి కొంత లోపలికి ఇంకి, సుడులు నీరసపడతాయి. ఆమె సెలవు పెట్టి, నిచ్చెనెక్కి, మూడింటికీ తొడుగులు వేసింది. ఈదురుగాలి వీచిన మధ్యాహ్నం అమ్మ గదిలో మైకు పెట్టి కొలిస్తే కూత జాడే లేదు. ప్రాణం లేచొచ్చింది ఆమెకు.

"పోలేదే," అంది అమ్మ. "చెవిలో జోరీగలా అలానే ఉంది."

"పోయిందమ్మా. లెక్క చెబుతోంది."

"నీ లెక్కకు చెవులున్నాయా?"

ఆదివారం పొద్దున ఆకు కదలడం లేదు. కాఫీ కలుపుతుంటే ఆమెకూ వినిపించింది, అదే 'ఊఁ'. పరుగున వెళ్లి కంప్యూటరు తెరిచింది. గాలి లేని రోజున గది సొంత చప్పుడు రికార్డు చేసి, దాన్ని ప్రతి కొలతలోంచీ తీసేయడం వాళ్ల పనిలో మొదటి పాఠం. ఆ పాఠమే కొంప ముంచింది. తొడుగులు వేయకముందు తీసుకున్న ఆ గది చప్పుడులోనే కూత ఉంది. పక్కింటి మోటారేమోననుకుని, వినైనా చూడకుండా ఆమె దాన్ని లెక్కలోంచి తీసేసింది. ఇప్పుడు వింటే ఆ కూత మధ్యమధ్య ఊపిరి తీసుకుంటోంది. ఆ రికార్డప్పుడు గదిలో ఉన్నది అమ్మ, ఆమె, అంతే.

అమ్మ మంచమ్మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. కూతురు దగ్గరకెళ్లి ఆవిడ గొంతుమీద చెయ్యి వేసింది. వేళ్ల కింద సన్నగా వణుకు.

"అమ్మా, ఎందుకే అలా కూస్తున్నావు?"

"ఎవరే కూసేది? నోరు మూసుకునేగా ఉన్నాను!"

భయమేసింది, ఆ భయాన్ని మించి జాలేసింది. ఇలా పట్టుబడితే అన్నయ్య ఒక్క క్షణం ఆగడు.

"అన్నయ్య వచ్చాక నువ్వు మాట్లాడుతూనే ఉండు. అస్సలు ఆపకు."

"అదేం పెద్ద పనే నాకు!"

నిజంగానే పెద్ద పని కాలేదు. మోకాళ్ల నొప్పి, కోడలి వంట, కొడుకు బట్టతల, పక్కింటావిడ గొప్పలు, ఒకటా రెండా! అన్నయ్య 'ఊ' కొట్టలేక అలిసిపోయాడు.

"ఇంతకీ ఆ మోత ఉందా, లేదా?"

అమ్మ కూతురివైపు చూసింది. "లేదురా. హాయిగా ఉంది."

"గెలిచావే," అన్నాడు చెల్లెలితో. గొంతులో కోపం లేదు, బరువు దిగినట్టే ఉంది. కారు తాళాలు తీసుకుని లేచాడు.

అన్నేసి మాటలకు అమ్మ గొంతు ఎండిపోయింది. పొలమారి, గ్లాసందుకుని గడగడా నీళ్లు తాగసాగింది. గదిలో మాటలు ఆగిపోయాయి.

'ఊఁ' మాత్రం ఆగలేదు.

అన్నయ్య అమ్మను చూశాడు. ఆవిడ గుటక మీద గుటక వేస్తోంది. గుటక వేసే గొంతుకు కూయడం కుదరదు. అతని చూపు మెల్లగా చెల్లెలివైపు తిరిగింది. ఆమె గబుక్కున పెదవులు బిగించబోయింది. అవి ముందునుంచీ మూసే ఉన్నాయి.

అతను తాళాలు బల్లమీద పెట్టేసి, ఆమె తలమీద చెయ్యి వేశాడు.

"నీ బట్టలు కూడా సర్దుకోమ్మా," అన్నాడు.