వెనక సీటు కింద

కారు ముందు అద్దం తుడవడం అయ్యాక ఇస్సాక్ వెనక తలుపులు రెండూ బార్లా తెరిచి, సీటు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తడి లేదు, మరక లేదు. నడుం వంచి, ముక్కు సీటుకు తగిలేంత దగ్గరగా పెట్టి గట్టిగా ఊపిరి పీల్చాడు. ఎందుకు పీల్చాడో అతనికే తెలియదు. ఆ ముక్కు పనిచేయడం మానేసి చాలా కాలమైంది. కరోనా వచ్చి పోయిన ఏడు వాసన కూడా దాంతోపాటే పోయింది, మళ్ళీ రాలేదు. సౌదీలో అల్ ఖర్జ్ ఊరి చుట్టూ ఉన్న పాల డెయిరీల పక్కనుంచి పోయేటప్పుడు తోటి డ్రైవర్లు గబగబా అద్దాలు ఎత్తుకుంటారు. వాళ్ళను చూసి ఇస్సాక్ కూడా ఎత్తుతాడు.

ఈ సంగతి రాయచోటిలో ఉన్న భార్య మాబున్నీకి తప్ప మరెవరికీ తెలియదు. బండిలో వైరు కాలుతున్నా పసిగట్టలేని డ్రైవరును వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే ఏ కఫీలు ఉంచుకుంటాడు? పైగా ఇప్పుడు యజమాని ఇంట్లో భార్యా కూతుళ్ళూ ఎవరి బండ్లు వాళ్ళే నడుపుకుంటున్నారు. డ్రైవరు అవసరం మిగిలింది యజమాని తల్లి, ఆ ఒక్క ముసలామెకే. అందుకే నోరు మూసుకున్నాడు. ఆ మూసుకున్న నోరే ఇప్పుడు కొంప ముంచింది.

మనిషి పొట్టి, గట్టి. కిటికీ వైపు ఉండే ఎడమ చెయ్యి మోచేతి దాకా నల్లగా మాడిపోయి, కుడి చెయ్యి పక్కన పెడితే రెండూ ఒకే మనిషివి అనిపించవు. గడ్డం సగం నెరిసింది. మోకాళ్ళు నొప్పులు పుట్టి, బండి దిగేటప్పుడు తలుపు పట్టుకుని రెండు క్షణాలు ఆగి గానీ అడుగెయ్యడు. పదేళ్ళు దాటింది ఈ ఇంటికొచ్చి. యజమానిని బాబా అనీ, ఆయన తల్లిని మామా కబీరా, అంటే పెద్దమ్మగారనీ పిలవడం ఇక్కడి ఇళ్ళల్లో పనివాళ్ళ అలవాటు. వచ్చిన మొదటి రోజే బండిలోని అద్దాన్ని కప్పు వైపు తిప్పేశాడు. ఆడవాళ్ళు కూర్చునే చోటికి చూపు పోకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పించుకునే రకం కాదతను. మామా కబీరా మొహం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. తస్బీ జపమాల పూసలు కదిలే చప్పుడు తెలుసు. దారి మధ్యలో రెండు సీట్ల సందులోంచి ముందుకొచ్చే ఖర్జూరం పొట్లం, కాఫీ కప్పు, ఆ ముడతల చెయ్యి తెలుసు.

మూడు నెలల కింద కంపెనీ నుంచి కబురొచ్చింది. ఈ రకం బండ్లలో పెట్రోలు పంపు దారిలో ఆగిపోవచ్చు, ఉచితంగా మారుస్తాం, తెచ్చి అప్పజెప్పండి అని. ఇస్సాకే తీసుకుపోయాడు. వెనక సీటు లేపి, కింద మూత తెరిచి, కొత్త పంపు పెట్టి పంపారు. అప్పటినుంచీ మామా కబీరా దగ్గు మొదలైంది. దుమ్ము అనుకున్నాడు. తర్వాత ఆమె "రీహా, రీహా" అనసాగింది. వాసన, వాసన అని. సీటు కవర్లు ఉతికించాడు, పరిమళం సీసా తెచ్చి పెట్టాడు. రెండుసార్లు కంపెనీకి తీసుకుపోతే వాళ్ళు నాలుగు తలుపులూ తెరిచి, కంప్యూటరు తగిలించి, అంతా బాగుందని సాగనంపారు.

పోయిన వారం బాబా వెనక డిక్కీ తెరిచాడు. అందులో ఒక ఖాళీ ప్లాస్టిక్ క్యాను, ఒక రబ్బరు పైపు ఉన్నాయి. క్యాను దారిలో నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకునే నీళ్ళది, పైపు బండి కడిగేది. ఈ ఊళ్ళో ఏ ఇంటి డ్రైవరు బండిలోనైనా ఆ రెండూ ఉంటాయి. కానీ బాబా ముక్కుకు మాత్రం డిక్కీ మొత్తం పెట్రోలు కంపు కొట్టింది. క్యాను మూత తీసి ఇస్సాక్ మొహం దగ్గర పెట్టి, ఇదేం వాసన అని అడిగాడు.

"వాసన లేదు బాబా," అన్నాడు ఇస్సాక్.

అంతే. వీధి చివరి మనిషికి కూడా తెలిసే వాసనను లేదన్నవాడు దొంగ కాక మరేమవుతాడు? బండిలోంచి పెట్రోలు లాగి అమ్ముకుంటున్నాడని బాబా తేల్చేశాడు. అరవలేదు, పోలీసులను పిలవలేదు. ఇక తిరిగి రానక్కర్లేదని ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి టికెట్టు తీశాడు. ఇవాళ మధ్యాహ్నం మూడు దాటాక వచ్చే అసర్ నమాజు లోపు తాళం ఇచ్చేయాలి, సాయంత్రం రియాద్‌లో విమానం ఎక్కాలి. పరువు గల ఇల్లు, పరువుగానే పంపిస్తోంది.

మాబున్నీ ఫోన్లో ఒకటే మాట. దొంగన్నారో దొర అన్నారో రాయచోటిలో ఎవరికి తెలుసు, నువ్వొచ్చేయ్ అని. ఆమె చెప్పిందీ నిజమే. కానీ తనకు తెలుసే! ఇంకోటి కూడా ఉంది. రేపు కొత్త డ్రైవరు వస్తాడు, ముసలామె మళ్ళీ ఆ సీట్లోనే కూర్చుంటుంది. ఆమె దగ్గుతుంటే వెనక్కి తిరగని తన మర్యాద తలుచుకుంటే అతనికి ఒళ్ళు మండిపోతోంది. మండిపోనీ. ఇంకా మధ్యాహ్నం దాకా తాళం తన దగ్గరే ఉంది.

కొత్తవాడికి ఇబ్బంది లేకుండా ట్యాంకు నింపి పెట్టమన్నాడు బాబా. నింపాడు. బంకు దాటాక ఇంటివైపు తిరగలేదు. పక్కకు ఆపి బాబాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు, బండి కంపెనీకి తీసుకెళ్తున్నా, అసర్‌కు వచ్చేస్తా అని. చెప్పకుండా పోతే పారిపోయాడంటారు. దొంగకు తోడు అది కూడా ఎందుకు? ఫోను జేబులో పెట్టుకుని బండిని రియాద్ రోడ్డెక్కించాడు.

సర్వీసు సెంటర్లో గాజు బల్ల వెనక నయీమ్ ఉన్నాడు. కర్నూలువాడు, మెడలో కార్డు, ఇస్త్రీ నలగని చొక్కా. చెడ్డవాడు కాదు, రోజంతా ఇంగ్లీషులో క్షమాపణలు చెప్పి చెప్పి అలిసిపోయినవాడు. ఇస్సాక్‌ను చూడగానే నిట్టూర్చాడు. కంప్యూటరు తెర అతని వైపు తిప్పి చూపించాడు.

"సిస్టమ్‌లో ఫాల్ట్ ఏం లేదు భాయ్. రీకాల్ జాబ్ క్లోజ్ అయిపోయింది. రెండుసార్లు చెక్ చేశాం కదా, స్మెల్ ఉంటే మావాళ్ళు రిపోర్ట్ చేసేవాళ్ళు."

ఇస్సాక్ బతిమాలాడు. కుదరలేదు. కూర్చుని టీ తాగమన్నారు. తాగలేదు. బయటికొచ్చి బండిని నీడలోంచి తీసి, ఎండలో, సరిగ్గా ఆ గాజు తలుపుల ముందు నిలిపి, అద్దాలు ఎత్తి, ఏసీ ఆపేశాడు. వచ్చే పోయే బండ్లకు అడ్డం. సెక్యూరిటీవాడు తీయమన్నాడు. తీయనన్నాడు. జీవితంలో ఒక్క హారనుకైనా దారివ్వకుండా నిలబడని మనిషి, ఆ రోజు ఎన్ని హారన్లు మోగినా కదల్లేదు.

బండ్లు కడిగే అంజన్న చేతిలో వాక్యూమ్ గొట్టంతో అటు వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, వచ్చినప్పుడల్లా పలకరిస్తాడు. విషయం విని వెనక తలుపు కొంచెం తెరిచి తల లోపల పెట్టాడు, వెంటనే వెనక్కి లాక్కున్నాడు.

"గుప్పుమంటున్నది భాయ్! నేనొచ్చి చెప్తా పా."

ఇస్సాక్ వద్దన్నాడు. కడిగేవాడు కంపెనీ పనికి వంకపెడితే రేపు వాడి గతేంటి? ఈ వయసులో తన బురద ఇంకొకడికి పూయడం అతనికి ఇష్టం లేదు. తలుపు మూసేసి తిన్నగా లోపలికి పోయాడు. గాజు బల్ల ముందు నిలబడి, నాలుగేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట పది మంది ముందు బయటపెట్టాడు.

"నాకు వాసన తెలీదు సార్. కరోనా వచ్చినప్పుడు పోయింది. ఆ మాట దాచిపెట్టి దొంగనైనా. అందుకే మిమ్మల్ని అడుగుతాండా. ఒకసారి వచ్చి వెనక కూర్చోండి. ఆ పెద్దామె కూర్చునే చోట కూర్చుని, తలుపేసుకోండి. ఏమీ లేదని మీరు చెప్తే ఈ పొద్దే పోతా, మళ్ళీ మీ గడప తొక్కను."

నయీమ్ అటూ ఇటూ చూశాడు. గాజు బయట హారన్లు. లేచాడు. ఎండలో కాలిపోతున్న తలుపు తీసి వెనక సీట్లో కూర్చున్నాడు. ఇస్సాక్ తలుపు వేసి పక్కన నిలబడ్డాడు. చూడకూడదనే అలవాటు కొద్దీ చూపు నేలకు దించుకున్నాడు. కాసేపటికే లోపల్నుంచి తలుపు ధడాలున తెరుచుకుంది. నయీమ్ మొహం ఎర్రగా, కళ్ళలో నీళ్ళు, నోటికి చెయ్యి అడ్డం. దిగీ దిగకముందే మెకానిక్కును కేకేశాడు.

సీటు లేపారు. ఇనుప మూత ఊడదీశారు. పంపు కొత్తదే, కానీ దాని చుట్టూ ఉండే రబ్బరు రింగు గాడిలో కూర్చోకుండా ఒకపక్క మడతపడి నలిగింది. అక్కడ తడి మెరుస్తోంది. ట్యాంకు నిండా ఉన్నప్పుడల్లా, ఎండ ఎక్కినప్పుడల్లా అక్కడినుంచి ఆవిరి లేచి, నేరుగా ముసలామె ఒళ్ళోకి. మెకానిక్కు తల గోక్కున్నాడు. ఇస్సాక్‌కు కోపం రావాల్సింది, రాలేదు. బండి పక్కన నేల మీదే కూర్చున్నాడు. ముసలామె ఇన్నాళ్ళూ చెప్పింది నిజం. తను ఆ మాట పట్టుకుని వచ్చాడు. అంతకుమించి అతని దగ్గర ఏ ఆధారమూ లేదు.

కొత్త రింగు వేశారు, సీటు బిగించారు. నయీమ్ అతన్ని పక్కకు తీసుకెళ్ళి చిన్న గొంతుతో చెప్పాడు. పని అయిపోయింది, బండి తీసుకుపో, కఫీలుకు చెబితే కంప్లయింట్ అవుతుంది, మేనేజరు నా మెడ మీద కూర్చుంటాడు అని. నిజంగానే భయపడుతున్నాడు పాపం. ఇస్సాక్ విన్నాడు. విని, ఫోన్లో బాబా నంబరు తీసి అతని చేతిలో పెట్టాడు.

"మీరే చెప్పండి. తప్పు కంపెనీదని. చెప్పేదాకా యాడికీ పోను. విమానం పోతే పోనీ."

"నా ఉద్యోగం భాయ్..."

"నాది పొయ్యింది సార్. పేరు గూడా పోవల్నా?"

నయీమ్ గాజు బల్ల వైపు ఒకసారి చూసి నంబరు నొక్కాడు. మంచి అరబ్బీలో, తల వంచుకుని, రింగు గురించీ, తప్పు తమదేననీ, డ్రైవరుకు వాసన తెలియదనీ, అతని తప్పేమీ లేదనీ చెప్పాడు. అవతలనుంచి ఒకటే మాట వినిపించింది, బండి తీసుకురమ్మను అని. ఇస్సాక్ నయీమ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. బయటికొస్తుంటే అంజన్న వచ్చి, తీసేసిన పాత రింగు గుడ్డతో తుడిచి అతని జేబులో పడేశాడు.

"కొంచవో భాయ్. యాదికుంటది."

తిరుగు దారిలో ఇస్సాక్ మనసు తేలికైపోయింది. అద్దాలు దించేసి, డెయిరీల పక్కనుంచి పోతూ ఏదో పాట కూనిరాగం తీశాడు. బాబా ఉండమంటాడు, ఉండిపోవచ్చు. మాబున్నీకి ఏం చెప్పాలో కూడా మనసులో అల్లుకున్నాడు.

బాబా గేటు దగ్గరే ఉన్నాడు. వెనక తలుపు తెరిచి వాసన చూశాడు. ఇస్సాక్ భుజం తట్టాడు. ఎగ్జిట్ రద్దు చేయిస్తా, ఉండు, అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో. "వాసన తెలియదని ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు," అని కూడా అన్నాడు.

ఇస్సాక్ తలెత్తి ఆయన మొహంలోకి సూటిగా చూశాడు. ఈ ఇంట్లో అతను అలా చూడటం అదే మొదలు. తనకొచ్చిన ముక్కల అరబ్బీలో నెమ్మదిగా చెప్పాడు.

"నేను దొంగనా అని నువ్వు క్యానును అడిగినావు బాబా. నన్ను అడగలేదు. నేను పోతా."

కోపం లేదు ఆ గొంతులో. పొద్దున్నుంచీ పోరాడింది ఉండటానికి అనుకున్నాడు, కాదు. తలెత్తుకుని పోవడానికి. అది ఆ మాట అన్నాక గానీ అతనికే తెలియలేదు. లోపలి తలుపు వెనక నుంచి మామా కబీరా గొంతు గట్టిగా వినిపించింది. వాసన బండిదని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను, ఈ ఇంట్లో ముసలిదాని మాట ఎవరు వింటారు, అని కొడుకును తిట్టింది. తర్వాత ఇస్సాక్ పేరు పెట్టి పిలిచి, అల్లా నీ దారి చల్లగా చూడాలి కొడకా, అంది. అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు.

సాయంత్రం పెట్టె తెచ్చేసరికి బాబా స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. ఇస్సాక్ ఏం చేయాలో తెలియక కాసేపు నిలబడి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. విమానాశ్రయంలో బాబానే పెట్టె దించి ట్రాలీ మీద పెట్టాడు. ఇస్సాక్ సలాం చెప్పి, మోకాళ్ళు కుదుటపడేదాకా రెండు క్షణాలు ఆగి, జనంలో కలిసిపోయాడు.

బాబా ఇంటికొచ్చి, రేపు వచ్చే మనిషి కోసం గేటు పక్కన డ్రైవరు గది తలుపు తీశాడు. నేల ఊడ్చి ఉంది. పరుపు మడిచి గోడకు ఆనించి ఉంది. తాళం చెవి తగిలించే మేకుకు, ఒకపక్క నలిగి మడతపడ్డ నల్ల రబ్బరు రింగు వేలాడుతోంది.