తొంభైతొమ్మిదితో ఆగిన జాతకం

మా వైపు జాతకం చూసేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఆయుష్షు తక్కువగా కనిపిస్తే ఆ మాట పైకి అనరు. కాగితం మడిచి చేతిలో పెట్టి, బిడ్డను బాగా చూసుకోండి అని మాత్రం అంటారు. ఆ తర్వాత ఎంత అడిగినా నోరు విప్పరు. దాని అర్థం మా ఇళ్లలో అందరికీ తెలుసు.

తొంభై ఎనిమిదిలో తిరుపతి బస్టాండు వెనక కంప్యూటర్ జాతకాల అంగడి కొత్తగా వచ్చింది. యోగానంద అనే ఆయన మద్రాసు నుంచి ప్రోగ్రాం తెచ్చి నడుపుతున్నాడు. మనిషైతే పొరబడతాడు గానీ మిషన్ పొరబడదని మా అత్త సుబ్బులమ్మకు గట్టి నమ్మకం. నెలల పిల్ల, నా కూతురు మహితకు పూర్తి జాతకం తీయించాల్సిందేనని పట్టుబట్టి నన్ను చిత్తూరు నుంచి తీసుకుపోయింది. ప్రింటరు కరకరమంటూ దశలు, తేదీలు వరసగా కొట్టుకుంటూ వచ్చి, 1999 డిసెంబరు 31 దగ్గర ఆగిపోయింది. కింద అంతా తెల్ల కాగితమే.

ఇంతేనా అని అడిగాను. యోగానంద నా ముఖం చూడలేదు. కాగితం మడిచి చేతిలో పెట్టాడు.

"ఇంతేమా. బిడ్డను బాగా సూసుకోండి."

బస్సులో ఇంటిదాకా అత్త, నేను ఒక్క మాట మాట్లాడుకోలేదు. పైకి అంటే నిజమైపోతుందేమోనని భయం. నా భర్త జయచంద్రకూ చెప్పలేదు. పిల్ల తుమ్మినా, పాలు కక్కినా నాకు గుండె దడ. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. జయచంద్ర తొంభైతొమ్మిది కొత్త క్యాలెండరు తెచ్చి గోడకు తగిలిస్తే, తీసి పరుపు కింద పెట్టేశాను. నాకు పిచ్చి పట్టిందని నవ్వాడు. ఆ నవ్వుకు ఒళ్లు మండింది గానీ ఏమని చెప్పను?

ఒకరోజు అత్త ఎవరికీ చెప్పకుండా కొండకు పోయి గుండు చేయించుకుని వచ్చింది. నడుము దాటే జుట్టు ఆమెది, ఊళ్లో అందరికీ చూపించుకుని మురిసిపోయేది. ఎందుకిచ్చావని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆ గుండు చూశాక, మిగిలిన కాస్త ధైర్యమూ పోయింది.

మర్నాడే పిల్లను చంకనేసుకుని తిరుపతి బస్సెక్కాను. దాచిందేదో నోరు తెరిచి చెప్పమని యోగానందను నిలదీశాను. మనిషి సగమైపోయి ఉన్నాడు. దేవుడి పటం వెనక నుంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. అది అతని జాతకం. అదీ ఆ తేదీ దగ్గరే ఆగింది. వచ్చేవాళ్లందరూ పెళ్లి పొంతనలే అడుగుతారు కాబట్టి, దశలన్నీ కొట్టించింది తనదీ మహితదీ మాత్రమేనట.

"ఇంటిదానికి గూడా సెప్పలేదుమా," అన్నాడు. "నేను పోతానని తెలుసు. నీ బిడ్డకూ అదే దినం వచ్చేసరికి నోరు పెగల్లేదు."

ఇద్దరం బిక్కచచ్చి కూర్చున్నాం. మహిత మాత్రం కింద పాకుతూ ప్రింటరు కాగితం నోట్లో పెట్టుకుంటోంది. దాని నోట్లోంచి లాగుతుంటే నాకు కోపం ముంచుకొచ్చింది. ఎందుకో మా నాయన గుర్తొచ్చాడు. ఆయన బడిపంతులు, తన పుట్టిన తేదీ, వేళ మాకు బట్టీ పట్టించాడు. మా నాయనది కొట్టమన్నాను. పేరు మునిరామయ్య అని చెప్పాను.

ప్రింటరు మొదలైంది. తొంభై ఒకటి వచ్చేసరికి ఊపిరి బిగపట్టాను. అది ఆగకుండా ముందుకు పోయింది. తొంభై ఆరులో గృహయోగం అంది. తొంభై ఏడులో ఆరోగ్యం కుదుటపడును అంది. సరిగ్గా ఆ పాడు తేదీ దగ్గర ఆగింది.

"మీ నాయనకూ అదే దినమా?" అని అడిగాడు యోగానంద.

"మా నాయన తొంభై ఒకటిలోనే ఆస్పత్రిలో పోయినాడన్నా. ఆ సంగతి దీనికి తెలీదు."

అతను కాగితం వైపు, నా వైపు చూసి ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. తర్వాత మద్రాసుకు ఫోన్ చేసి అరిచాడు. సంవత్సరానికి రెండంకెల చోటే పెట్టామని, తొంభైతొమ్మిది దాటితే లెక్క తప్పుతుందని అక్కడ ఆపేశామని, కొత్తది తయారవుతోందని వాళ్లు తాపీగా చెప్పారట.

ఇంటికొచ్చి అత్తకు అంతా చెప్పాను. ఆమె గుండు మీద కొంగు లాక్కుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి మహిత కాగితాన్ని పొయ్యిలో పెట్టింది. నాయనది కూడా ఇమ్మని చెయ్యి చాపింది.

నేను ఇవ్వలేదు. అందులో తొంభై ఏడులో నాయన ఆరోగ్యం కుదుటపడుతుందని ఉంది.