ఖాళీ అయిన పిచ్చుకగూడు

ఆ బల్లను అందరి ముందూ మెచ్చుకున్నది ఆవిడే.

ఆర్కిటెక్చర్ కాలేజీలో మూడో ఏడాది స్టూడియోకి ఆవిడ టీచరు. పొద్దున్నే వచ్చి ప్రతి డ్రాయింగ్ బల్ల మీదా వేలితో రాసి చూస్తుంది. వేలికి ఏమైనా అంటిందా, ఆ బల్ల తాలూకు మనిషికి ఆ రోజు మూడినట్టే. అందుకే పిల్లలు దుమ్ము మేడమ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. పైకి తెలియనట్టే ఉంటుంది గానీ, లోలోపల కాస్త గర్వం కూడా.

కిటికీ పక్క బల్ల ఒక సన్నటి కుర్రాడిది. అట్టముక్కలు, జిగురు మరకలు, పెన్సిలు చెక్కిన పొట్టు, ఎండిపోయిన టీ కప్పులు. వాడి మోచేతికే చోటుండేది కాదు. వాడికి పిచ్చుకగూడు అని పేరు పెట్టింది ఆవిడే. ఆ పేరు కాలేజీ అంతా పాకింది.

ఈ పొద్దున ఆ బల్ల అద్దంలా ఉంది. వేలు ఈ చివర నుంచి ఆ చివరదాకా జారింది, ఏమీ అంటలేదు.

"చూశారర్రా, పిచ్చుకగూడు కూడా మనిషయ్యాడు. ఇంక మీకేం రోగం?" అంది.

క్లాసంతా ఘొల్లుమంది. వాడూ నవ్వాడు. వాడు నవ్వగా చూసి చాలాకాలమైంది. ఇన్నాళ్లూ ఓపిక పట్టినందుకు థాంక్స్ మేడమ్, అన్నాడు. ఆవిడ మురిసిపోయింది. కాసేపటికి వాడు లేచి బయటికెళితే, టీకి వెళ్లాడులే అనుకుంది.

భోజనాల వేళకి స్టూడియో ఖాళీ అయింది. ఒక పొడుగమ్మాయి మాత్రం తలొంచుకుని గీతలు గీస్తోంది. ఆమెను దాటి వెళ్లబోతూ మేడమ్ టక్కున ఆగింది. పొడుగమ్మాయి చేతిలో ఉన్న స్టీలు స్కేలుకి ఒక కొసన ఎర్ర టేపు చుట్టి ఉంది.

అది పిచ్చుకగూడు స్కేలు. వాళ్లక్క కొనిచ్చింది. ఎవరైనా ముట్టుకుంటే కొట్టినంత పని చేసేవాడు.

ఇది నీ దగ్గరికెలా వచ్చిందని అడిగింది మేడమ్. వాడే ఉంచుకోమన్నాడట. బల్లదీపం రూమ్మేటుకి, పెన్నులన్నీ జూనియర్లకి ఇచ్చేశాడట. "కాలేజీ మారిపోతున్నాడేమో అనుకున్నాం మేడమ్. ఇంత దానకర్ణుడు ఎప్పుడయ్యావురా అంటే నవ్వి ఊరుకున్నాడు," అంది పొడుగమ్మాయి.

మేడమ్ కిటికీ పక్కనున్న ఖాళీ బల్లవైపు తిరిగింది.

పోయిన రివ్యూలో, తను గీసింది అందరికీ వివరించాల్సిన చోట, వాడు నోరు విప్పకుండా నిలబడిపోయాడు. చొక్కా వదులైపోయింది. మొన్నామధ్య మెట్ల దగ్గర ఆపి, నిద్ర పట్టడంలేదు మేడమ్ అన్నాడు. ఈ కోర్సులో నిద్రెవడికి పడుతుందిరా అని ఆవిడ నవ్వేసి వెళ్లిపోయింది. ఒక్కొక్కటిగా చూస్తే దేనికీ భయపడక్కర్లేదు. అన్నీ ఒకచోట చేరేసరికి ఆవిడ చేతిసంచిలో ఫోను వెతకసాగింది. అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది పొద్దుటి నవ్వు. మోస్తున్న బరువును ఎక్కడ దించాలో తేల్చుకున్నవాడి నవ్వు అది.

వాడి ఫోను స్విచాఫ్. రూమ్మేటుకి చేస్తే గదిలో లేడన్నాడు. "పక్క చుట్టేసి ఉంది మేడమ్. దుప్పటి కూడా ఉతికి మడతపెట్టాడు," అన్నాడు, మెచ్చుకోలుగానే.

ఆవిడ వెంటనే కాలేజీ కౌన్సెలరుకి ఫోన్ చేసింది. ఆ పెద్దావిడ కంగారు పడలేదు. గేట్ల దగ్గరికీ హాస్టలుకీ తను మనుషుల్ని పంపుతానంది. కనబడితే ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలొద్దంది. చివర్లో ఇంకో మాట చెప్పింది.

"చచ్చిపోవాలనుకుంటున్నావా అని నేరుగా అడగండి."

"అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనండీ."

"పుట్టదమ్మా. ఉంటే బయటికొస్తుంది. చుట్టూ తిప్పి మాట్లాడితేనే, వీళ్లకి చెప్పలేను అనుకుంటాడు."

పొడుగమ్మాయిని మేడ మీదికి పంపి, తను కింది అంతస్తులన్నీ గాలించింది. లైబ్రరీ చూసింది, క్యాంటీన్ చూసింది. మూసి ఉన్న ప్రతి తలుపు ముందూ ఒకసారి ఊపిరి బిగబట్టడం, తోయడం, లోపలెవరూ లేకపోతే బతుకుజీవుడా అనుకోవాలో ఏడవాలో తెలియకపోవడం. వరండా మలుపులో గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఆలోచించింది. అన్నీ పంచేశాడు. పంచడానికి ఇంకా ఏం మిగిలింది?

మోడల్.

ఏడాదంతా కూర్చుని అట్టతో, చెక్కపేళ్లతో కట్టిన గ్రంథాలయం. రివ్యూ హాల్లో అరమీద ఉండాలి. ఆవిడ అక్కడికి పరిగెత్తింది. అరంతా దుమ్ము. మధ్యలో నలుచదరంగా ఒక్కచోట మాత్రం దుమ్ములేదు. అక్కడున్నది ఇందాకే ఎవరో ఎత్తుకుపోయారు.

పాత మోడళ్లన్నీ చేరేది నేలమాళిగలోని తుక్కు గదికి. జూనియర్లు వాటిని విరిచి అట్టలు వాడుకుంటారు. పాసై వెళ్లిపోయేవాళ్లు తప్ప తమ మోడల్ తామే అక్కడ పడేసేవాళ్లు ఉండరు.

మెట్లు దిగుతుంటే నీళ్ల మోటారు రొద తప్ప ఏమీ వినబడలేదు. తుక్కు గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చీకటి. పిలుద్దామని నోరు తెరిచింది. పిచ్చుకగూడు అనే మాట గొంతులోనే ఆగిపోయింది.

"నాన్నా," అని పిలిచింది.

గోడ తడిమితే స్విచ్చు దొరకలేదు. లోపల్నించి ఫటుక్కున ఏదో విరిగిన చప్పుడు. మళ్లీ ఫటుక్కుమంది. ఆ చప్పుడు పట్టుకుని, అట్టల గుట్టల మధ్య నుంచి తడుముకుంటూ వెళ్లింది.

పైన చిన్న కిటికీలోంచి పడుతున్న వెలుతుర్లో వాడు నేలమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో మోడల్. పైకప్పు ఒక్కో పేడూ విరిచి, పొడుగు ప్రకారం వరసగా పేరుస్తున్నాడు.

"జూనియర్లకి పనికొస్తాయని," అన్నాడు తల ఎత్తకుండానే.

ఆవిడ ఆ దుమ్ములోనే వాడి పక్కన చతికిలబడింది. అడిగితే లేచి పారిపోతాడేమో, అడక్కపోతే ఇదే ఆఖరిసారి చూడడమేమో.

"చచ్చిపోవాలనుకుంటున్నావా?"

వాడి చేతులు ఆగిపోయాయి. పైన మోటారు ఎవరో కట్టేశారు.

"ఈ సాయంత్రం," అన్నాడు చివరికి. "బల్ల తుడిచిపెట్టి పోతే తర్వాత ఎవరూ తిట్టుకోరనుకున్నా."

ఆవిడకి అరవాలనిపించింది. వాణ్ని పట్టి కుదిపేయాలనిపించింది. రెండూ చేయలేదు. "చెప్పావు, మంచిపని చేశావు. నాకు చాలా భయంగా ఉందిరా. నిన్ను వదిలి ఎక్కడికీ వెళ్లను," అంది. "నిద్రపట్టడంలేదని ఆ రోజు చెప్పావు. నేను నవ్వాను. ఇప్పుడు చెప్పు, వింటాను."

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. ముక్కలు ముక్కలుగా, ఒకదానికొకటి అతకకుండా. అక్క తన కోసం చదువు మానేసింది. రివ్యూలో నోరు పెగల్లేదు. పొద్దున్నే లేవడమంటేనే కొండెక్కినట్టుంటోంది. ఆవిడ ఒక చేత్తో కౌన్సెలరుకి మెసేజ్ పెడుతూ, రెండో చెయ్యి వాడి భుజం మీంచి తీయలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే వాడు దిగ్గున లేవబోయాడు.

"ఎవరికి చెప్పారు?"

"కౌన్సెలరుకి. ఇది నేనొక్కదాన్నే మోయలేను. నాకు చేతకాదు."

"అక్కకి చెప్పొద్దు మేడమ్. ప్లీజ్."

సరే అనడం తేలిక. "అబద్ధమాడను. అక్కకి తెలియాలి. ఏం చెప్పాలో నువ్వే పక్కనుండి చెప్పు," అంది. వాడి భుజం ఆవిడ చేతికింద బిగుసుకుంది. వాడు పారిపోతాడో ఆగుతాడో తెలియని ఆ క్షణం ఆవిడకి ఏళ్లంత సాగింది. తర్వాత మెల్లగా వాడు కిందికి జారి కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

సాయంత్రం దిగుతుండగా వాళ్లు ఆస్పత్రిలో, డాక్టరు గది బయట బెంచీ మీద ఉన్నారు. ఫోన్ అందగానే అక్క ఎక్కడి పనక్కడ వదిలేసి వచ్చింది, తిట్టలేదు, వాడి చెంప నిమిరింది అంతే. పొడుగమ్మాయి తిరిగిచ్చిన స్కేలు మేడమ్ చేతిసంచిలోనే ఉంది. దాన్ని ఇవ్వాల్సింది ఇవాళ కాదు, వాడు మళ్లీ బల్ల దగ్గర కూర్చున్న రోజున.

"రేపు కూడా అడుగుతారా మేడమ్?" అన్నాడు వాడు.

"అడుగుతా. ఎల్లుండి కూడా."

"విసుగొస్తుంది మీకు."

"రోజూ వేలేసి చూడ్డం నాకు అలవాటే కదరా."

వాడు నవ్వాడు. ఈసారి ఆవిడ ఆ నవ్వును నమ్మలేదు. వాడి చేతివైపు చూసింది. ఆ చెయ్యి పక్కనున్న అక్క చేతిని, వేళ్లు తెల్లబడేలా, గట్టిగా పట్టుకుని ఉంది.