కప్పు కూలని చోటు

బొగ్గుబాయిలో కప్పు కూలి తోటి కార్మికుడు జానీ చచ్చిపోయిన నాటి నుంచి చందర్ ఇంట్లో పడుకోవడం లేదు. ఆ రోజు జానీ పక్కనే ఉన్నా తన మీద చిన్న పెళ్ల కూడా పడలేదు. సారపాకలో వాళ్ల కిరాయి ఇంటి ముందు వేపచెట్టు కింద మంచం వేసుకునేవాడు. ఎండాకాలం కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు ముసురు పట్టింది.

గోదావరి పెరుగుతోందని భద్రాచలంలో బడులు మధ్యాహ్నమే వదిలేశారు. అక్కడ సైన్సు చెప్పే అరుణశ్రీ ఇల్లు చేరేసరికి భర్త చందర్ గడప బయట మెట్టు మీద యూరియా సంచి నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. ఆమె లోపలికి రమ్మనలేదు. రమ్మంటే ఇంకా దూరం జరుగుతాడు.

పాఠం కోసం తీసుకెళ్లిన చంద్రుడి పటం తడిసింది. ఆరడానికి ముందుగదిలో నేల మీద పరిచింది. బూడిదరంగు మీద మెలికలు తిరిగిన కాలువ. చందర్ మెడ చాచి చూశాడు.

"ఏ వాగది?"

వాగు కాదని చెప్పింది. ఒకప్పుడు చంద్రుడి మీద కరిగిన రాయి పారిన దారి. పైన గడ్డకట్టి, లోపలిది పారిపోతే సొరంగం మిగిలింది. తర్వాత కప్పు కూలింది.

అతను లేచి గడప దాటాడు. పటం ముందు గొంతుక్కూర్చున్నాడు. అరుణశ్రీ కదలకుండా నిలబడింది.

"కూలినప్పుడు కింద ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు. ఎన్నడు లేరు."

అతని భుజాలు సడలాయి. సంచి తీసి పక్కన పెట్టాడు. కాలువ వెంట వేలు నడిపాడు. ఒకచోట అది ఆగి, కాస్త అవతల మళ్లీ మొదలైంది.

"ఈడ ఎందుకు తెగింది?"

అతను లోపలికి వచ్చాడన్న సంతోషంలో ఆమె పిల్లలకు చెప్పినట్టే చెప్పేసింది. "ఆడ కప్పు ఇంక కూలలే. లోపలంత డొల్లనే. రేపు మనుషులు పోతే అండ్లనే ఉంటరట."

చందర్ మూలనున్న కర్ర తీసుకున్నాడు. శ్లాబును ఒక్కో చోట కొడుతూ చెవి పెట్టి విన్నాడు. బాయిలో దిగగానే ఎవరైనా చేసే పనే అది. చప్పుడు డొల్లగా వస్తే ఆ కింద నిలబడరు.

"గట్టిగనే ఉంది గద," అన్నదామె.

"జానీ గూడ కొట్టి చూసిండు. గట్టిగనే మోగింది."

ఇన్నాళ్లూ ఆ మాట చెప్పలేదు. కర్ర గోడకు ఆనించి, వానలోకి నడిచి వెనక్కి తిరిగాడు.

"నువ్వు గూడ బయటికి రా, అరుణా."

ఆమె తలెత్తింది. పెచ్చులూడిన చోట తుప్పు పట్టిన ఇనుము. రోజూ చూసేదే. కానీ దాని కింద ఇక నిలబడలేకపోయింది.