సొట్టపడ్డ కేరేజీ

దాలయ్య ఇరవై కిలోల ఇనుప ప్లేటును గుడ్డతో తుడిచి, స్టాండుకు తగిలించి, ఇంకోదాని కోసం కిందికి దిగాడు. నడుము వంచడు, మోకాళ్ళు వంచుతాడు. ముప్పై ఏళ్ళు పోర్టులో బస్తాలు మోసిన ఒళ్ళు. కుడి భుజం ఎడమదాని కంటే కాస్త కిందికి ఉంటుంది. బస్తాలకు యంత్రాలొచ్చాక మద్దిలపాలెం జిమ్ములో చేరాడు. నేల ఊడ్చడం, ఎవరో వదిలేసిన బరువుల్ని వాటి చోట పెట్టడం. ఇక్కడ బరువులు ఎక్కడికీ పోవు, ఎత్తినచోటే దించుతారు. మొదట్లో అది అతనికి వింతగా ఉండేది.

ధన్‌మని ఇనుము పడింది. సాయిదుర్గ డెబ్భై కిలోల కడ్డీని మోకాళ్ళ దాకా తెచ్చి వదిలేసింది. యారాడ పిల్ల, వాళ్ళ నాన్న సముద్రంలో చేపల వేటకెళ్తాడు. ఆ మధ్యాహ్నం మూడింటికి స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ఆమెకు పరీక్ష. డెబ్భై ఎత్తితేనే ఉద్యోగం. వేసవిలో నవ్వుతూ ఎత్తింది. కొవ్వు పడుతుందని ఆ తర్వాత అన్నం మానేసింది. రెండు నెలలుగా గుడ్లూ, కోడిముక్కలూ, పొడి కలిపిన పాలూ. ఇప్పుడు ఊరికే నిలబడినా చేతులు వణుకుతున్నాయి.

ఆ వణుకు దాలయ్యకు తెలుసు. ఒక కార్తీకంలో సోమవారాలు ఉపవాసముంటూనే పనికెళ్ళాడు. మూడో సోమవారం, పడవలోకి ఎక్కే చెక్క మీద మోకాళ్ళు మడతపడ్డాయి. చుక్క చూశాక తిందామని తెచ్చుకున్న కేరేజీ మీద బస్తా పడి మూత లోపలికి సొట్టపోయింది. అప్పట్నుంచి ఉపవాసమున్నవాణ్ణి మేస్త్రీ బస్తా ముట్టుకోనిచ్చేవాడు కాదు, కూర్చోబెట్టి తాళ్ళు చుట్టించేవాడు.

ఇక్కడ ఎవరేం తినాలో రాసిచ్చేది యజమాని ఉమాశంకర్. సాయిదుర్గ చేత అన్నం మాన్పించిందీ ఆయనే. తిండి సంగతి నువ్వు మాట్లాడొద్దని దాలయ్యకు రెండుసార్లు చెప్పాడు. మూడోసారైతే పని ఉండదన్నాడు.

దాలయ్య గోడ మీది కెమెరా వైపు ఒకసారి చూశాడు. వెళ్ళి ఆ సొట్ట కేరేజీనే తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. రాత్రి గంజి పోసి ఉంచిన అన్నం, ఉల్లిపాయ, వేపిన నెత్తళ్ళ చేపలు.

"తినమ్మా."

"అన్నమా? సారు సంపేత్తారు తాతా. కొవ్వు పట్టి కండ పోద్దంట."

"తినకే పోతంది. కాల్సడానికేటీ లేకపోతే, ఒళ్ళు దాని కండే అది తినేత్తాది." ఆ ఏడాదిలో అతను అంత పొడుగు మాట మాట్లాడింది లేదు. "గుడ్డు కండ కడతాది, నిజమే. బరువెత్తేది మాత్రం అన్నం."

"అయితే మూడింటికి ముందు తింటాను."

"అప్పుడు కడుపు బరువవుద్ది. ఇప్పుడు తిను. రెండింటికి ఓ అరిటిపండు సాలు."

ఆమె మూత తీసి ఆగింది. "మరి నీకేటి మిగిలింది తాతా?"

"నాను ఎత్తేదేటుంది."

రెండు నెలల లోటు ఒక్కపూటలో తీరదని అతనికి తెలుసు. అయినా ఆమె తింటున్నంతసేపూ అక్కడే నిలబడ్డాడు. ఆమె కేరేజీ కడిగి తెస్తానని సంచిలో పెట్టుకుని వెళ్ళింది.

పదకొండింటికి ఉమాశంకర్ వచ్చాడు. అరవలేదు. ఫోన్లో కెమెరా బొమ్మ చూపించి, రేపట్నుంచి రావద్దన్నాడు. దాలయ్య తలాడించాడు. నేల మీద ఇంకా నాలుగు ప్లేట్లున్నాయి. తుడిచి, తగిలించి, గుడ్డ పిండి ఆరేసి, భీమిలి బస్సెక్కాడు.

సాయంత్రం సాయిదుర్గ జిమ్ముకు పరుగున వచ్చింది. పరీక్షలో రెండుసార్లు జారి, మూడోసారి డెబ్భై లేచింది. ఆ మాట వినడానికి దాలయ్య లేడు. భీమిలిలో అతని ఇల్లెక్కడో జిమ్ములో ఎవరికీ తెలియదు. ప్లేట్లు నేలంతా పడి ఉన్నాయి. ఆమె మోకాళ్ళు వంచి ఒక్కొక్కటే ఎత్తి తగిలించింది. చివర్న కేరేజీని కుళాయి కింద కడిగి వాటి పక్కన పెట్టింది. మూత మీది సొట్టలో, కడిగిన నీళ్ళు ఒక్క చుక్క ఇంకా ఆరలేదు.